తమ్ముడి ఎస్‌ఎల్, అమ్మ, నా నడుము

తాళం చేతిలో పెడుతూ తమ్ముడు చెప్పిన మాట ఒక్కటే. “అక్కా, రెండు రోజులు నీ దగ్గరే ఉంచుకో. గీత పడిందో, నీకూ నాకూ మాటల్లేవు.”

బండి మెర్సిడెస్-ఏఎంజీ ఎస్‌ఎల్ 55. నాలుగు లీటర్ల వి8 ఇంజను, రెండు టర్బోలు, 476 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్ల టార్క్. నిలుచున్న చోటి నుంచి వందకి 3.9 సెకన్లు. ఈ అంకెలన్నీ వాడు ఏడాదిగా వల్లిస్తూనే ఉన్నాడు, నాకూ నోటికి వచ్చేశాయి. వాడు ఎప్పుడూ చెప్పనిది, నేను తెలుసుకోవాలనుకున్నది ఒకటుంది. ఇందులో గంట కూర్చున్నాక నా నడుము ఏమంటుంది?

నాకు డిస్కు జారి ఆరేళ్ళయింది. ఉద్యోగం యంత్రాల అదురు కొలవడం. పంపులు, ఫ్యాన్లు, కంప్రెసర్లు. సెన్సర్ అతికించి, గ్రాఫు చూసి, ఏ బేరింగు పోబోతోందో చెప్పాలి. కాబట్టి ఏ బండి ఎక్కినా ఇంజను చప్పుడు కంటే ముందు సీటు కింది నుంచి వచ్చే కబురు వింటాను. రోగమో వృత్తో, ఏదైనా అనుకోండి.

మొదటి రోజు పొద్దున ఒక్కదాన్నే వెళ్ళాను. కప్పు తీసేశాను. పదిహేను సెకన్ల పని, గంటకు 60 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తూనే తీయొచ్చు. మంచి రోడ్డు మీద బండి నిజంగా ముద్దొచ్చింది. వెనక చక్రాలు కూడా కాస్త తిరుగుతాయి. వందకి లోపు వేగంలో ముందు చక్రాలకి ఎదురు దిక్కుకి, ఆపైన అదే దిక్కుకి, మహా అయితే రెండున్నర డిగ్రీలు. ఆ కాస్తకే ఇంత పొడుగు బండి మలుపులో సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. తొక్కితే వీపు సీటుకి అంటుకుపోతుంది. అక్కడిదాకా తమ్ముడు చెప్పిందంతా నిజమే.

తర్వాత పొడుగాటి వంతెన ఎక్కాను. వంతెనకి అతుకులుంటాయి కదా, ప్రతి అతుకూ నా వెన్నులో ఏ పూస దగ్గర ఆగిందో వేలు పెట్టి చూపించగలను. దడ్, దడ్, దడ్. దిగేసరికి స్టీరింగ్ మీద చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. “ఇదా లగ్జరీ?” అని పైకే అనుకున్నాను. కప్పు లేదు కాబట్టి పక్క బండాయనకీ వినబడే ఉంటుంది.

కానీ కోపంలో కూడా ఒకటి గమనించాను. లోపలి అద్దం వణకలేదు. కప్పు లేని బండిని పరీక్షించాలంటే ఇంతకన్నా చవకైన పనిముట్టు లేదు. గతుకు మీద వెళ్తూ అద్దంలోకి చూడండి. వెనక వచ్చే బండి లైట్లు రెండు రెండుగానే కనిపిస్తే ఒళ్ళు గట్టిది. చెదిరి నాలుగైతే మెత్తనిది. అంతే.

ఎందుకంటే బండికి కప్పు ఎండా వానా కోసమే కాదు. ఓ అగ్గిపెట్టె తీసుకోండి. అర లోపల ఉండగా రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పండి, మొరాయిస్తుంది. ఇప్పుడు లోపలి అర ఒక్కదాన్నే బయటికి తీసి మెలితిప్పండి. బట్టలు పిండినట్టు తిరుగుతుంది. కప్పు తీసేసిన కారు ఆ అరలాంటిది. ఒక చక్రం గతుకులో పడితే ఒళ్ళంతా మెలిక పడుతుంది, డ్యాష్‌బోర్డు ఒక పక్కకి, తలుపులు ఒక పక్కకి. అలా ఒళ్ళే ఊగుతుంటే కింద స్ప్రింగులూ, వాటి ఊగుడుని ఆపే డ్యాంపర్లూ ఎంత మంచివైనా వాటి పని వాటిని చేసుకోనివ్వదు. పునాది వణికే ఇంట్లో తలుపులకి నూనె వేసినట్టు ఉంటుంది.

అందుకే 2021 అక్టోబరులో వచ్చిన ఈ కొత్త ఎస్‌ఎల్ గురించి నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన అంకె హార్స్‌పవర్ కాదు. పాతదాని కంటే ఒంటి మెలిక బిగువు 18 శాతం ఎక్కువ అంటారే, అది. పాతదానికి మడతపడే లోహపు కప్పు ఉండేది. 2001 మోడల్లో మొదలై 2012 మోడల్లోనూ కొనసాగింది. ఇప్పుడు దాన్ని వదిలేసి మళ్ళీ బట్ట కప్పుకి వచ్చారు. దీంతో కప్పు బరువు 21 కిలోలు తగ్గింది, అదీ బండి మొత్తంలో అన్నిటికన్నా పైనుండే బరువు. వెనక ఖాళీ కూడా మిగిలింది, అక్కడ రెండు చిట్టి సీట్లు పెట్టారు. మీటరున్నర ఎత్తు దాకా కూర్చోవచ్చని కంపెనీ మాట. నా హ్యాండ్‌బ్యాగుకి హాయిగా సరిపోయింది. బట్ట కదా, చప్పుడు ఎక్కువ ఉంటుందనుకున్నాను. మూడు పొరలు, మధ్యలో శబ్దం పీల్చుకునే దుప్పటి లాంటిది. కప్పు మూస్తే మామూలు గొంతుతో ఫోన్లో మాట్లాడుకోవచ్చు.

ఈ బండికి వేగం కావాలా సుఖం కావాలా అన్న తగువు పుట్టుకతోనే వచ్చింది. 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో రెండు ఎస్‌ఎల్‌లు పక్కపక్కనే పెట్టారు. ఒకటి రెక్కల్లా పైకి లేచే తలుపుల 300 ఎస్‌ఎల్. పందేల బండికి బట్టలు తొడిగినట్టు ఉండేది, 215 హార్స్‌పవర్. రెండోది కప్పు తీసుకుని తీరిగ్గా తిరగడానికి 190 ఎస్‌ఎల్, అందులో సగం బలం, 105. ఇంటిపేరు ఒకటే, గుణాలు రెండు. ఆ తర్వాత వచ్చినవన్నీ మెల్లమెల్లగా 190 వైపు జరిగాయని నా అభిప్రాయం. ఇప్పుడు దీన్ని మళ్ళీ గీయమని ఏఎంజీ వాళ్ళకి, అంటే మెర్సిడెస్‌లో వేగపు కార్లు చేసే విభాగానికి, పందేల గుణం ఉన్న ఇంటికి, అప్పగించారు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందడం ఎస్‌ఎల్ చరిత్రలో ఇదే మొదటిసారి. పెద్దల్లుడొచ్చి ఇల్లు సర్దినట్టే, కొన్ని వస్తువులు చోటు మారాయి. ఉదాహరణకి గేర్‌బాక్సులో టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని నూనె ద్వారా గేర్లకి అందించేది) బదులు నూనెలో మునిగి ఉండే క్లచ్ పెట్టారు. గేరు చిటికెలో మారుతుంది. కానీ ట్రాఫిక్‌లో ఒక్కో అడుగూ పాకేటప్పుడు కన్వర్టర్ ఇచ్చే వెన్నలాంటి జారుడు ఉండదు, కాలు కాస్త పాఠం నేర్చుకోవాలి. నాకు అరపూట పట్టింది.

సాయంత్రం అమ్మని ఎక్కించాను. ఎక్కించడమే ఒక ప్రహసనం.

“ఇదేంటే, నేల మీద కూర్చోబెట్టావు?”

“స్పోర్ట్స్ కారమ్మా.”

“దిగేటప్పుడు ఎవరు లేపుతారు?”

కప్పు తీయగానే గొణుగుడు ఆగింది. సీటు తలగడలోంచి మెడ మీదికి వెచ్చటి గాలి వదిలే ఏర్పాటు ఒకటుంది. 2004లో ఇదే కంపెనీ చిన్న ఓపెన్ కారు ఎస్‌ఎల్‌కేతో వచ్చింది. చెప్పకుండా ఆన్ చేశాను. అమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. “వెనకాల ఎవరున్నారే?” కాసేపయ్యాక అదే చాలా బాగుందంది. చల్లగాలిలో మెడ వెచ్చగా ఉండటం ఎంత సుఖమో మాటల్లో చెప్పడం కష్టం. డ్యాష్‌బోర్డు మధ్యలోని తెర మీద ఎండ పడి మెరిస్తే దాని వంపుని 12 డిగ్రీల నుంచి 32 దాకా మార్చుకోవచ్చు. కప్పు లేని బండిలో ఇలాంటి చిన్న పనులే గొప్పవి.

అయితే గతుకు వచ్చిన ప్రతిసారీ అమ్మ తలుపు పిడి పట్టుకుంది. నేను బండిని కంఫర్ట్ మోడ్‌లోనే నడుపుతున్నాను. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి. మెత్తటి కార్లలో ఒళ్ళు సెకనుకు ఒకసారి, కాస్త ఎక్కువగా, పైకీ కిందికీ ఊగుతుంది. మనం నడిచేటప్పుడు ఊగే తీరుకి అది దగ్గర, అందుకే ఇబ్బంది ఉండదు. స్పోర్ట్స్ కార్లు రెండుకి దగ్గరవుతాయి. మనిషికి అస్సలు పడనిది సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే నిలువు అదురు. ఐఎస్ఓ 2631 అనే ప్రమాణం చెప్పేదీ అదే, నా డిస్కు చెప్పేదీ అదే. ఆ పైన పది, పదిహేను దగ్గర చక్రమే టకటకా ఎగురుతుంది. నేను ఫోన్లో అదురు కొలిచే యాప్ పెట్టి, దాన్ని సీటు పట్టా మీద టేపుతో అంటించాను. (తమ్ముడూ, టేపు మరక పడలేదు.) గ్రాఫులో అసలు గుట్ట ఎక్కడుందంటే, పది దాటాక. అంటే ఒళ్ళు కాదు, స్ప్రింగులు కాదు. చక్రం, టైరు.

బండి పక్కన గొంతుక్కూర్చుని చూశాను. వాడు మోజుపడి 21 అంగుళాల చక్రాలు తీసుకున్నాడు. ముందువి 275/35, వెనకవి 305/30. లెక్క కడితే టైరు గోడ పది సెంటీమీటర్లు కూడా ఉండదు. గతుకుని మొదట మింగాల్సింది ఆ గోడే, దానికి నోరే లేదు. సరే, అది వాడి అందం పిచ్చి. కానీ పెట్రోలు మూత లోపల గాలి ఎంత ఉండాలో పట్టీ ఉంటుంది. బండి తెర మీద గాలి ఎంత ఉందో కనిపిస్తుంది. రెండూ కలిపి చూస్తే నాలుగు టైర్లలోనూ ఆరు పాయింట్లు ఎక్కువ!

అర్ధరాత్రి ఫోన్ చేసి అడిగితే, గాలి గట్టిగా ఉంటే బండి చురుగ్గా తిరుగుతుందని ఎవరో చెప్పారట.

పొద్దున్నే, బండి ఇంకా కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, ఇద్దరు మనుషుల బరువుకి పట్టీలో ఎంతుందో అంతకి దించాను. పరుగెత్తాక చూస్తే వేడికి అంకె పెరిగి ఉంటుంది, అప్పుడు తీస్తే తక్కువైపోతుంది. తర్వాత అదే వంతెన. దడ్ పోయి డుబ్ వచ్చింది. గ్రాఫులో గుట్ట పూర్తిగా పోలేదు, 21 అంగుళాలు 21 అంగుళాలే. కానీ నేను స్టీరింగ్‌ని పట్టుకున్న తీరు మారిపోయింది. నాకు అదే అసలు కొలత.

ఆ రోజు మధ్యాహ్నం ఘాట్ లాంటి రోడ్డు మీద ఇంకో పని చేశాను. అదే మలుపు, అతుకులేసిన తారు, మూడుసార్లు. మొదట స్పోర్ట్ ప్లస్. డ్యాంపర్లు బిగుసుకున్నాయి, మలుపు మధ్యలో గతుకు తగలగానే బండి అరచెయ్యంత పక్కకి గెంతింది. నా గుండె కూడా. ఆ క్షణంలో టైరు నేలని వదిలేసింది, వదిలేసిన టైరుకి ఎన్ని హార్స్‌పవర్లున్నా ఏం లాభం? కంఫర్ట్‌లో పెడితే చక్రం గుంటలోకి దిగి మళ్ళీ ఎక్కింది, బండి గీసిన గీత మీదే వెళ్ళింది. వేగం కూడా కొంచెం ఎక్కువే. మూడోసారి ఇండివిడ్యువల్‌లోకి వెళ్ళి ఇంజను స్పోర్ట్, సస్పెన్షన్ కంఫర్ట్ అని కలిపాను. ఈ బండిని కొన్నవాళ్ళు మొదటి రోజే చేయాల్సిన పని ఇదేనని నా గట్టి నమ్మకం. స్పోర్ట్ ప్లస్ అద్దంలాంటి ట్రాకు కోసం. మనం తిరిగేది ట్రాకుల మీద కాదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఒక పక్క చక్రమే గుంటలో పడితే తల అటూ ఇటూ ఊగుతుంది. దానికి కారణం ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ, యాంటీ రోల్ బార్. మలుపులో బండి ఒరగకుండా ఆపేది అదే, తిన్నటి రోడ్డు మీద ఒక చక్రం బాధని రెండోదానికి అంటించేదీ అదే. దీని అన్న ఎస్‌ఎల్ 63లో ఆ కడ్డీలే తీసేసి, నాలుగు డ్యాంపర్లనీ నూనె గొట్టాలతో కలిపారు. మలుపులో బిగుస్తాయి, తిన్నగా వెళ్ళేటప్పుడు ఏ చక్రం గోల దానిది. 2011లో మెక్‌లారెన్ 12సీలో వచ్చిన ఆలోచన లాంటిదే. తమ్ముడిది 55, మామూలు కడ్డీలే. నన్నడిగితే ఆ చక్రాల మోజు మానుకుని, పట్టీ ప్రకారం గాలి కొట్టుకుంటే చాలు. నేనైతే 19 అంగుళాలవే వేయించుకుంటాను, చూసేవాళ్ళు ఏమనుకున్నా.

బండి తిరిగిచ్చిన మూడో రోజు ఫోన్.

“అక్కా, బండికేం చేశావు? మెత్తబడిందేంటి?”

“గాలి తీశాను.”

“నా బండికి గాలి తీశావా!”

“నీక్కూడా తీద్దామనుకున్నాను, దొరకలేదు.”

పక్కనుంచి అమ్మ ఫోన్ లాక్కుంది. “ఒరేయ్, ఆదివారం వస్తున్నావా? ఆ కప్పు లేనిదాంట్లోనే రా. దిగేటప్పుడు లేపడానికి ఇంకెవరినైనా కూడా తీసుకురా.”