ఓటీపీ దుబాయ్‌లో ఉంది

అమ్మ బతికే ఉందని పీఎఫ్ ఆఫీసుకు చెప్పుకునే రోజు ఇవాళ. బడికి సెలవు పెట్టి ఆర్మూర్ తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టింది కాబట్టి అమ్మకు పీఎఫ్ పింఛను వస్తుంది. వచ్చేది వెయ్యి రూపాయల పైచిలుకే. అయినా కొడుకు పంపే డబ్బుల కంటే ఆ వెయ్యి మీదే అమ్మకు మనసు. ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్, అంటే బతికున్నట్టు ధ్రువపత్రం, చేయించకపోతే అదీ ఆగిపోతుంది.

ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయి వేలిముద్రల మిషన్ ముందుకు జరిపాడు. బొటనవేలు పెడితే పడలేదు. చూపుడువేలూ పడలేదు. తడిగుడ్డతో తుడిపించాడు, జుట్టుకు రుద్దుకొమ్మన్నాడు, గట్టిగా నొక్కమన్నాడు, నెమ్మదిగా పెట్టమన్నాడు. ఎర్ర లైటు తప్ప ఏమీ రాలేదు. పక్కన నిలబడి అమ్మ చేతిని చూస్తూ ఉన్నాను. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. అట్లా రోజుకు వెయ్యి. వేలి కొసల్లో గీతలే మిగల్లేదు, నున్నగా, కొంచెం పసుపుగా ఉన్నాయి. చూపుడువేలి పక్కన కత్తెర దిగిన పాత గాటు మాత్రం స్పష్టంగా ఉంది. ఆ గాటును చూసి నేను అమ్మను ఎక్కడైనా గుర్తుపడతాను. మిషన్‌కు అది లెక్కలోకి రాదు.

"నా ఏలు నాది గాదంటదా ఇది?" అంది అమ్మ. వెనక లైన్లో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. వాళ్లూ బీడీల వాళ్లే.

2021 నుంచి ముఖం చూపించి కూడా చేయించుకోవచ్చు. అబ్బాయి ఫోన్ తీసి అమ్మ ముందు పెట్టాడు. "కండ్లు ఆర్పు పెద్దమ్మా" అంటే అమ్మ గట్టిగా మూసుకుని దేవుడికి దండం పెట్టినట్టు కూర్చుంది. మూయడం కాదు, ఆర్పాలని చెప్పేసరికి అందరికీ మళ్లీ నవ్వు. చివరికి అయింది. అమ్మ ఇంకో ఏడాది బతికి ఉన్నట్టే.

ఎటూ వచ్చాం కదా, అమ్మ వేలిముద్రను ఇంకెవరూ వాడకుండా ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేద్దామనుకున్నాను. ఊళ్లో బ్యాంకు సర్వీస్ పాయింట్ దగ్గర డబ్బులు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయవచ్చు. చదువురాని వాళ్లకు ఇంతకన్నా సుఖం లేదు, నేనేమీ తప్పుపట్టను. కానీ 2018లో మన పక్కనే పెద్దపల్లి జిల్లాలో ఏమైందో గుర్తుంది. సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి జనాల వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల మిషన్‌తో నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత అదే కిటుకుతో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బులు లాగిన ముఠాలు కూడా దొరికాయి. అమ్మ పేరు మీద ఎకరం పొలం ఉంది. ఆ కాగితాల మీద అమ్మ ముద్రలున్నాయి, అవి వేసినప్పుడు వేళ్లు ఇంత అరగలేదు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా.

పెట్టింది బతికున్న మనిషి వేలా, రబ్బరు ముద్రా అని పసిగట్టే పద్ధతిని ఆధార్ వాళ్లు 2023లో తెచ్చారు. మంచిదే. ఇవాళ మాత్రం బతికున్న వేలే పరీక్ష తప్పింది.

సరే, లాక్ చేద్దామని నా ఫోన్‌లో ఆధార్ సైట్ తెరిచి అమ్మ నంబర్ కొట్టాను. ఓటీపీ పంపాం అంది. పంపింది నిజమే, దుబాయ్‌కి. అమ్మ ఆధార్‌కు ఉన్నది అన్న నంబర్. అప్పట్లో ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోన్ అది. గల్ఫ్ పోయేటప్పుడు అన్న ఆ సిమ్‌ను వెంట తీసుకెళ్లాడు. వాడకుండా తొంభై రోజులు వదిలేస్తే నంబర్ పోతుంది, పోయాక కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అందుకని అక్కడి నుంచే రీచార్జ్ చేస్తూ దాన్ని బతికిస్తున్నాడు. డ్యూటీలో ఉన్నంతసేపు ఫోన్ లాకర్లో ఉంటుంది. ఓటీపీకేమో పది నిమిషాలే ఆయుష్షు.

అప్పుడు ఇంకోటి తట్టింది. లాక్ చేస్తే వేలిముద్రే కాదు, కంటిపాప, ముఖం కూడా లాక్ అవుతాయి. డబ్బులు తీయాలన్నా, వచ్చే ఏడాది జీవన్ ప్రమాణ్ చేయించాలన్నా ముందు లాక్ తీయాలి. దానికి మళ్లీ ఓటీపీ. అది మళ్లీ దుబాయ్‌లో.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు చెప్తారు, ఆ మధ్య ఫోన్ చేస్తే రింగు ముందు కూడా అదే వినిపించేది. మనిషికో ఫోన్ ఉన్న ఇళ్లను చూసి రాసిన మాటలివి. మా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా అత్త ఆధార్ కోడలి నంబర్‌కు, తండ్రి ఖాతా కొడుకు నంబర్‌కు ఉంటాయి. ఓటీపీ చెప్పకపోతే గ్యాస్ బండ కూడా ఇంట్లోకి రాదు. ఇంట్లో వాళ్లకు చెప్పు, బయటి వాళ్లకు చెప్పకు అని అమ్మకు బస్‌లో నచ్చజెప్పబోయాను.

"ఫోన్ల అడిగేది మీ అన్ననే అని ఎట్ల తెలుస్తదే? గొంతు సుత మారుస్తున్నరంట గదా" అంది.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. తెలియకపోతే పెట్టేసి నువ్వే వాడి నంబర్‌కు చేయి అన్నాను. అమ్మ తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు.

బస్ ఎక్కే ముందు బ్యాంకుకు కూడా పోయాం. పాస్‌బుక్ ప్రింట్ వేయించి, మొబైల్ నంబర్ మార్చే ఫారం తీసుకున్నాను. బ్యాంకులో మార్చినా ఆధార్‌లో మారదు, ఆధార్‌లో మార్చినా బ్యాంకులో మారదు. రెండూ వేరువేరు పనులు. ఆధార్ సెంటర్‌లో ఇవాళ్టి టోకెన్లు అప్పటికే అయిపోయాయి.

రాత్రి అన్న బోటిమ్ యాప్‌లో ఫోన్ చేశాడు. నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను: అమ్మ పేరు మీద కొత్త సిమ్, అమ్మ బటన్ ఫోన్లోనే వేయాలి, అన్నిటికీ అదే నంబర్. అమ్మకు అక్షరాలు రావు కానీ అంకెలు బాగా వస్తాయి. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట చొప్పున లెక్కగట్టి, ఒక్క కట్ట తక్కువ రాసినా ఠేకేదారును నిలదీసిన మనిషి. ఆరంకెల ఓటీపీ చదవలేదా?

అన్న అంతా విని "ఆధార్‌కు మార్చు, బ్యాంకుది ఉండనియ్యి" అన్నాడు. ఎందుకంటే మాట దాటేశాడు. మళ్లీ అడిగితే చెప్పాడు. నెలనెలా పింఛను పడ్డట్టు ఒక మెసేజ్, అమ్మ తీసుకున్నట్టు ఇంకో మెసేజ్ వస్తాయట. ఆ రెండోది వస్తే అమ్మ సర్వీస్ పాయింట్ దాకా నడిచిపోయిందని, మోకాళ్లు బాగానే ఉన్నాయని తెలుస్తుందట. ఫోన్లో అడిగితే ఎప్పుడూ మంచిగనే ఉన్న అంటుంది కదా అన్నాడు.

భద్రత లెక్కన చూసినా అన్న మాటలో తప్పు లేదు. ఆధార్ ఓటీపీ అమ్మ చేతిలో ఉంటే లాక్ వేయడం, తీయడం ఇక్కడే అయిపోతుంది. అమ్మ వేలితో డబ్బులు తీయడానికి ఓటీపీతో పనే లేదు. అమ్మ తీయకుండా డబ్బులు పోతే మాత్రం మెసేజ్ చదవగలిగిన వాడి ఫోన్‌కే వస్తుంది. వాడు నాకు చెప్పగానే నేను సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు రాసి ఇవ్వాలి. ఎంత తొందరగా చెప్తే అంత మంచిది.

అమ్మ మా ఇద్దరి మాటలూ విని, "అట్లనే కానియ్యిన్రి. కానీ సిమ్ము పైసలు నేనే ఇస్త" అంది. రేపు పొద్దున తొమ్మిది లోపు టోకెన్ తీసుకోవాలి. నంబర్ మార్చడానికి 75 రూపాయలు. వేలిముద్రలు రేపూ పడకపోవచ్చు, కంటిపాప చూడమని ముందే చెప్పాలి.