ముసలి పిల్లికి పన్నెండడుగుల దారి

ఇది రాస్తుంటే మా పిల్లి తాండ్ర వెనక గది కిటికీలో కూర్చుని కాలు నాక్కుంటున్నాడు. తన కాళ్లతో తానే అక్కడికి ఎక్కడం మొదలుపెట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు. అంతకుముందు రెండు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేదు. మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. ముసలి పిల్లి ఉన్నవాళ్లకు పనికొస్తుంది, నాకు కాస్త కడుపుమంటా తగ్గుతుంది.

మాది కాకినాడ. వానకు వీధిలో నీళ్లు నిలుస్తాయని పునాది ఎత్తుగా లేపి కట్టిన పాత ఇల్లు. ఆ కిటికీ గదిలోంచి చూస్తే రెండడుగుల ఎత్తే, పెరట్లోంచి చూస్తే నాలుగు. 2011లో వీడు అరచేతిలో పట్టేంత పిల్లగా వచ్చినప్పుడు ఆ కిటికీకి ఒక ఊచ తీయించాం. మామిడి తాండ్ర రంగు కాబట్టి ఆ పేరు. బట్టలుతికే రాయి మీదికి ఒక గెంతు, అక్కణ్ణుంచి కిటికీలోకి ఇంకో గెంతు. పద్నాలుగేళ్లుగా అదే వాడి వీధి గుమ్మం.

కాళ్లు పట్టేశాయని మాకు మొదట తెలియనే లేదు. కుంటడు, మూలగడు. రాయి ముందుకు వచ్చి పైకి చూసేవాడు. ముందుకాళ్లు సర్దుకునేవాడు, వెనకభాగం అటూ ఇటూ ఊపేవాడు, ఇక గెంతుతాడనుకునేసరికి ఆగిపోయేవాడు. అసలు ఆ పని మీద రానట్టు మొహం పెట్టి పక్కనున్న మందార మొక్కను వాసన చూసేవాడు. బద్ధకం అనుకున్నాం. తర్వాత రాత్రిపూట పెరటి తలుపు దగ్గర అరుపులు మొదలయ్యాయి. పన్నెండింటికి బయటికి, రెండింటికి లోపలికి, నాలుగింటికి మళ్లీ బయటికి. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. గోడ పట్టుకుని లేచి తలుపు తీస్తూ, "వాడికీ నాకూ ఒకటే జబ్బు. వాడి కోసం నేను లేస్తున్నాను, నా కోసం లేచేదెవరు?" అనేవారు. రాత్రంతా తలుపు తెరిచి పెడదామంటే దొంగల భయం.

మొదట వెళ్లిన క్లినిక్‌లో బుట్ట మూత కూడా తీయకుండా "వయసైపోయిందండీ, అంతే" అని విటమిన్ సిరప్ రాసి పంపించారు. ఫీజుకు మాత్రం వయసు అడ్డం రాలేదు. రెండో చోట చిన్నవయసు డాక్టరమ్మ. వాణ్ణి నేల మీద వదిలి, ఓ పది నిమిషాలు ఊరికే నడక చూసింది. తుంటి నొక్కింది, పాదాలు తిప్పి చూసింది. ఒక గోరు పెరిగి పెరిగి వంపు తిరిగి పాదం మెత్తలోకి దిగిపోయి ఉంది. రోజూ ఒళ్లో పడుకునే పిల్లి, నేను చూడలేదు. ముసలి పిల్లులు గోళ్లు గీరుకోవడం తగ్గించేస్తాయట, అందుకే అలా పెరుగుతాయట. నడుం మీద బొచ్చు అట్టలు కట్టింది కూడా మురికితనం వల్ల కాదు, మెడ అంత దూరం తిరగక నాక్కోలేకపోవడం వల్ల. ఎక్స్‌రేలో తుంటి కీళ్లూ వెన్నెముక చివరా అరిగి ఉన్నాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లుల్లో చాలావాటికి ఇది ఉంటుంది, నొప్పిని దాచుకుంటాయి కాబట్టి మనకు తెలియదు అంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో రక్తపరీక్షలో చూశాకే నొప్పి మందు మొదలుపెట్టింది.

ఒక్క మాట. పక్కింటి వదినగారు మంచి మనసుతోనే "పారాసెటమాల్ అరముక్క వెయ్యండి, పిల్లలకు మనం వెయ్యమా" అన్నారు. దయచేసి వేయకండి. మన ఒంట్లో విరిగిపోయే ఆ మందు పిల్లి ఒంట్లో సరిగ్గా విరగదు, రక్తాన్ని పాడుచేస్తుంది. అరముక్క చాలు ప్రాణం పోవడానికి.

ఇంట్లో వాడు దొడ్డికి కూర్చునే ఇసుక తొట్టి సంగతి తేలిగ్గా తేలింది. ప్లాస్టిక్ టబ్బు అంచు ఎత్తుగా ఉండి ఎక్కలేకపోయాడు. ముందువైపు కోసి మూడంగుళాలకు దించి, కోసిన అంచుకు టేపు అంటించాను. వానరోజుల్లో వాడుతున్నాడు. మిగతా రోజుల్లో వాడికి పెరడే కావాలి.

ఇక చెక్క.

నేను ముప్పైఒక్క ఏళ్లు టెన్త్ క్లాసుకు లెక్కలు చెప్పాను. నా దగ్గర త్రికోణమితిలో తప్పినవాడు లేడు. గొప్పలు కాదు, రిజల్ట్ షీట్లు ఉన్నాయి. అలాంటి నేను కార్పెంటర్‌కి చెప్పింది ఇంతే: "కిటికీ నుంచి కిందికి ఒక ఏటవాలు చెక్క, పిల్లి నడవడానికి." అతను ఆరడుగుల ప్లైవుడ్ తెచ్చాడు. దాని మీద తళతళలాడే సన్‌మైకా! ఇదెందుకయ్యా అంటే, "పిల్లికైనా మనిషికైనా ఫినిషింగ్ ఫినిషింగేనండి టీచర్ గారూ" అన్నాడు. ఆ మాటకు నేను మురిసిపోయాను. ఒక అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ చెక్క చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

మురిసిపోయినదాన్ని ఊరుకోవచ్చు కదా. ఆదివారం సాయంత్రం బిగిస్తున్నామని పక్కింటి వదినగారికి చెప్పాను. ఆవిడ ఎదురింట్లో చెప్పారు. సాయంత్రానికి గోడ మీద ఐదుగురు పిల్లలు, గేటు దగ్గర నలుగురు పెద్దవాళ్లు. వాళ్లలో ఒకబ్బాయి, ఇప్పుడు బ్యాంకులో మేనేజరు, ఒకప్పుడు హోంవర్క్ చేయలేదని నేను బెంచీ ఎక్కించినవాడు. తాండ్ర చెక్క దగ్గరికి వచ్చాడు, వాసన చూశాడు, వెళ్లి తులసికోట నీడలో కూర్చున్నాడు. అంతమంది చూస్తుండగా వదిలేయడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. వాణ్ణి ఎత్తి చెక్క మధ్యలో పెట్టి చేతులు తీశాను.

అలాగే నిలబడ్డాడు. నాలుగు కాళ్లూ వెడల్పు చేసి, గోళ్లన్నీ బయటపెట్టి, కదలకుండా నా కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత నిలబడ్డవాడు నిలబడ్డట్టే మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. సన్‌మైకా మీద గోళ్లు గీసుకుంటూ పలక మీద బలపం కీచుమన్నట్టు ఒకటే చప్పుడు. జారుతున్నంతసేపూ నన్నే చూస్తున్నాడు. కింద తడిబట్టల బకెట్‌లో వెనకకాళ్లు పడ్డాయి. బకెట్ తిరగబడింది, వాడు నీళ్ల ట్యాంకు వెనక దూరాడు. గోడ మీది పిల్లలు "టీచర్ గారి జారుడుబల్ల!" అని ఒకటే గోల. నవ్వాపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ బ్యాంకు అబ్బాయి, "మేడమ్, కోణం ఎంత పెట్టారండీ?" అన్నాడు.

వెటకారంగా అడిగాడని అనను. నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి లెక్క వేశాను. నాలుగడుగుల ఎత్తుకు ఆరడుగుల చెక్క. సైన్ విలువ 0.67, అంటే దాదాపు 42 డిగ్రీలు. కీళ్లు అరిగిన ముసలివాణ్ణి 42 డిగ్రీల అద్దం మీద నిలబెట్టాను. తాండ్ర రాత్రి పదింటిదాకా ట్యాంకు వెనక నుంచి రాలేదు. వచ్చాక మూడు రోజులు మా ఆయన పక్కనే పడుకున్నాడు. చెక్క సరే, నా చెయ్యి కనబడినా పక్కకు జరిగేవాడు.

కార్పెంటర్‌కి ఫోన్ చేస్తే పిల్లిదే తప్పన్నాడు. మీ పనివాడు గొప్ప పనివాడే కావచ్చు, మీరు కాగితం మీద కొలత గీసి ఇవ్వకపోతే అతనికి నచ్చిందే చేస్తాడు. ఆ పని నేను రెండోసారి చేశాను, మొదటిసారే చేయాల్సింది. గోడ వెంబడి రెండడుగుల ఎత్తులో ఒక అరుగుబల్ల. నేల నుంచి దాని మీదికి ఆరడుగుల చెక్క, అక్కడ మలుపు తిరిగి కిటికీకి ఇంకో ఆరడుగులు. ఇప్పుడు వాలు ఇరవై డిగ్రీల లోపు. సన్‌మైకాను నేనే దగ్గరుండి పీకించాను, అది ఊడుతున్న చప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పైన గోనెపట్టా బిగించి, జానెడు జానెడుకు ఒక అడ్డపట్టీ కొట్టించాను. గది లోపల కిటికీ కింద పాత ట్రంకుపెట్టె, దాని మీద బొంత. మొత్తం ఖర్చు మొదటిదీ రెండోదీ కలిపి 4,600.

అయితే వాడు ఎక్కాలి కదా. భయపడ్డ పిల్లిని ఎత్తి పెడితే ఇక ఎప్పటికీ ఎక్కదు, ఎత్తకుండా ఓపిక పట్టమంది డాక్టరమ్మ. ఒక చెక్కను నేల మీద పరిచేసి గిన్నె దాని మీద పెట్టాను. రెండు రోజులు పక్కనే నిలబడి మెడ చాచి తిన్నాడు, కాలు మాత్రం పెట్టలేదు. మూడో రోజు రెండు కాళ్లు. అప్పుడు ఒక చివర కింద ఒక ఇటుక పెట్టాను. నాలుగు రోజులకు ఇంకోటి. అలా ఒక్కో ఇటుకా పెంచుకుంటూ పోయాను. మొదట ఎండు నెత్తళ్లు ఎర వేశాను. ముసలి కిడ్నీలకు అంత ఉప్పు పెడతారా అని డాక్టరమ్మ తిట్టింది. అప్పటి నుంచి ఉప్పు లేకుండా ఉడికించిన కవళ్ల చేపలు. ఇంట్లో మనుషులకు కూర లేని రోజుల్లో కూడా వాడికి కవళ్లు ఉన్నాయని మా ఆయన ఇప్పటికీ అంటారు.

అన్నీ బిగించాక ఆ దారిలో మొట్టమొదట నడిచి లోపలికి వచ్చింది మావాడు కాదు. వీధిలోని నల్ల గండుపిల్లి. ఎంచక్కా ఎక్కి, బొంత మీదుగా దిగి, కవళ్లు తినేసి, వచ్చిన దారినే పోయింది. నేను చీపురు తీసుకునేలోపు చూస్తే తాండ్ర కింద అరుగుబల్ల దాకా వచ్చి నిలబడి ఉన్నాడు. ముసలితనం మాట ఎలా ఉన్నా, తన కంచంలో ఇంకొకడు తినడం వాడికి పట్టలేదు. ఆ సాయంత్రం పైదాకా ఎక్కాడు. నెల రోజుల నా ఓపిక కంటే ఆ దొంగముండ పది నిమిషాల్లో ఎక్కువ పని చేసిందని ఒప్పుకోవాలి.

ఆ నల్లదాని బెడద ఇంకా తేలలేదు. గిన్నె వంటింట్లోకి మార్చాను, అక్కడికీ వస్తోంది. అయితే రాత్రిళ్లు చప్పుడును బట్టి ఎవరో తెలిసిపోతుంది. నల్లది గోనె మీద టకటకా పరుగెత్తుతుంది. మావాడు ఒక్కో పట్టీ చూసుకుంటూ వస్తాడు, మలుపులో అరుగుబల్ల మీద ఆగుతాడు, కాసేపు ఏమీ వినబడదు, మళ్లీ మొదలుపెడతాడు. నిన్న తెల్లవారుజామున నేను చీపురు కోసం లేవబోతుంటే మా ఆయన కళ్లు తెరవకుండానే, "పడుకో. మనవాడే, మధ్యలో ఆగాడు" అని అటు తిరిగి పడుకున్నారు.