రంగే కదా అన్నారావిడ

ఇల్లంతా పడుకుంది. నాకే నిద్ర రావడం లేదు. సాయంత్రం ఫోన్‌లో ఆవిడ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "రంగే కదండీ, దానికింత రేటా?"

నేను రెజిన్‌తో, అంటే హార్డెనర్ కలిపితే గట్టిపడే చిక్కటి ద్రవంతో, పళ్ళేలు పోసి ఇస్తుంటాను. ఈవిడ మొదట హారతి పళ్ళెం అడిగారు, చెయ్యనన్నాను. కర్పూరం వేడికి రెజిన్ ఆగదు, మామూలు రకాలు 50, 60 డిగ్రీలు దాటేసరికి మెత్తబడిపోతాయి అని చెబితే అర్థం చేసుకున్నారు, తాంబూలం పళ్ళేనికి మార్చుకున్నారు. పెద్దమ్మాయి పెళ్ళికి. సైజు కుదిరింది, అంచు డిజైను కుదిరింది. రంగు దగ్గరికొచ్చేసరికి మొదలైంది పేచీ.

"గడపకి రాసిన పసుపులా ఉండాలమ్మా, నిమ్మపండు పసుపు వద్దు" అన్నారు మొదటిరోజు. ఆ మాట వినగానే నాకెంత ఉత్సాహం వచ్చిందో చెప్పలేను. నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ సముద్రం నీలం, దాని మీద తెల్ల నురగ అడుగుతారు. లేకపోతే బంగారు మెరుపులు. గడప పసుపు కావాలన్న మనిషి ఈవిడొక్కరే. ఆ మంగళవారం మా విజయనగరం పైడితల్లమ్మ చదురుగుడికి వెళ్ళినప్పుడు కూడా కళ్ళు గడప మీదే ఉన్నాయి. తడిగా ఉన్నచోట ముదురు, ఆరినచోట లేత, కుంకుమ బొట్టు అంచున నారింజ, అడుగున పాత పూతలు గోధుమ రంగుకి తిరిగి ఉన్నాయి. వీటిలో ఏది గడప పసుపు అంటే ఏం చెప్తాం? ఇంటికొచ్చి మా గడప ముందు కూడా కూర్చున్నాను. మా ఆయన ఏమైందని అడిగారు కూడా.

పసుపు మొండి రంగు. నీలమో నలుపో అయితే చిటికెడు వేస్తే చాలు, కప్పు మొత్తానికి ఎక్కేస్తుంది. రెజిన్‌లో కలిపే పసుపు రంగు పేస్టు ఎంత వేసినా అడుగు కనిపిస్తూనే ఉంటుంది. కప్పుకోవాలంటే తెలుపు కలపాలి, తెలుపు పడిందంటే వెన్నపూస రంగుకి దిగిపోతుంది. పోనీ పసుపు పేస్టే ఇంకాస్త పోద్దామంటే దానికీ హద్దుంది. మొత్తం బరువులో 5, 6 శాతం దాటితే రెజిన్ సరిగ్గా గట్టిపడదు. 300 గ్రాముల పళ్ళెం అంటే నేను వాడే రకంలో రెజిన్ 200, హార్డెనర్ 100. అందులో రంగుకి దక్కేది 15 గ్రాములు. ఆ 15 గ్రాముల్లోనే గడప కనిపించాలి.

మైకా పౌడర్ వెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. మైకా రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత పూసి చేస్తారు దాన్ని, ఆ పూత మందాన్ని బట్టే మెరుపు మారుతుంది. (గూడూరు మైకా అని చిన్నప్పుడు సోషల్‌లో చదువుకున్నాం కదా, ఆ మైకాయే.) గడపకి మెరుపు ఎక్కడిది? పైగా పల్చటి రెజిన్‌లో అది నెమ్మదిగా అడుక్కి దిగిపోతుంది.

చివరికి దారి దొరికింది గంటస్తంభం దగ్గర, సిమెంటూ పెయింట్లూ అమ్మే కొట్టులో. గచ్చులో కలిపే ఎల్లో ఆక్సైడ్. ఇనుము తుప్పుకి దగ్గర చుట్టం అది. ఎండకి వెలవదు, అడుగు కనిపించనివ్వదు. ఒక్కటే వేస్తే మట్టి రంగు వస్తుంది, అందుకే దానికి మంచి పసుపు పేస్టు కలిపి, టూత్‌పిక్ కొనతో నారింజ తాకించాను. పొడిని నేరుగా కప్పులో పోస్తే ఉండలు కడుతుంది. ముందు కాస్త రెజిన్‌లో వేసి, పుల్లతో అద్దం ముక్క మీద మెత్తగా నూరుకోవాలి. కప్పులో చూసే రంగు నమ్మకూడదు, తెల్ల టైల్ మీద పల్చగా లాగి చూడాలి. పోశాక ఒక రోజు ఆగాలి. దసరా తర్వాత వచ్చే సిరిమాను ఉత్సవం అయిపోయినా ఈ ఉక్క వదల్లేదు, గాలిలో తేమ ఉంటే పైన జిడ్డు పొర కడుతుంది, దాన్ని గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగితే గానీ అసలు రంగు తెలియదు.

ఇంత చేశాక పొద్దున్న వరండాలో నీడపట్టున పెట్టి చూస్తే, అచ్చం గడపే. ప్రాణం లేచొచ్చింది. ఫోటో పంపాను. మధ్యాహ్నం దాకా ఉలుకూ లేదు పలుకూ లేదు. సాయంత్రం ఏడింటికి ఫోన్. "ఇప్పుడొకటి తీసి పంపండి." ట్యూబ్‌లైట్ కింద తీసి పంపాను. "ఆకుపచ్చగా ఉందేంటమ్మా?" లైటు వల్లండీ, ఫోన్ కెమెరా కూడా రంగు మార్చేస్తుంది, పొద్దున్న ఫోటో చూడండి అన్నాను. "ఇంత తిప్పలెందుకు, ఇంట్లో పసుపుంటుందిగా. రెండు చెంచాలు వేసెయ్యండి. రంగే కదండీ, దానికింత రేటా?"

ఇదే మనిషి పెళ్ళికూతురి చీర కోసం ఎన్ని కొట్లెక్కి దిగుంటారు? మడత విప్పించి, గుమ్మంలోకి పట్టుకొచ్చి, ఎండలో చూసి, "అంచు బాగుంది కానీ రంగే..." అని వదిలేసి వచ్చిన చీరలు ఎన్ని ఉంటాయి? రంగు నచ్చకపోతే వేల రూపాయల పట్టుచీర కూడా వద్దనుకుంటాం. అంత ముఖ్యమైనది నా దగ్గరికొచ్చేసరికి "రంగే కదా" ఎలా అయిపోయింది? ఇత్తడి పళ్ళెమైతే తూకం వేయించి డబ్బులిస్తారు. వెండిదైతే తరుగు కూడా కట్టిస్తారు. నా పళ్ళెంలో బరువుకి లెక్క ఉంది, రెజిన్ బిల్లు చూపిస్తే ఒప్పుకుంటారు. గడప ముందు కూర్చున్న పూటకి బిల్లు ఎక్కడ తేను? అడ్వాన్స్ వెనక్కిచ్చేద్దామనుకున్నాను. ఇప్పటికీ ఆ ఆలోచన పూర్తిగా పోలేదు.

నిజం పసుపు వేస్తే ఏమవుతుందో ఆవిడకి ఫోటో తీసి పంపాలనిపించింది. భోజనాలయ్యాక సాలూరు నుంచి తెచ్చిన ఏజెన్సీ పసుపు డబ్బా తీశాను. చిన్న కప్పులో రెజిన్ పోసి పావు చెంచా వేశాను. ఎంత బాగుందో! ఏ పేస్టులోనూ రాని పసుపు. వాసన కూడా వచ్చింది, మాస్క్ ఉన్నా తెలిసింది. హార్డెనర్ పోశాను. పోసిన చోటే ముందు రంగు తిరిగింది. పుల్ల ఎటు తిప్పితే అటు ఎర్ర చార. కాసేపటికి కప్పంతా ఇటుకపొడికీ నారింజకీ మధ్య ఎరుపు. ఇలా అవుతుందని నాకు తెలుసు. హార్డెనర్‌లో ఉండేవి అమైన్లు అనే రసాయనాలు, వాటిది క్షారగుణం. పసుపు మరక మీద బట్టల సబ్బు రాస్తే ఎర్రబడేదీ అందుకే. తెలిసినా, కళ్ళ ముందు జరుగుతుంటే చెయ్యి ఆగిపోయింది.

మంచినీళ్ళకి లేచిన అత్తయ్య వెనకాల నిలబడి, "ఏటమ్మా, ఇంత రాత్రప్పుడు పారాణి కలుపుతున్నావేటి?" అన్నారు.

ఆ మాటతో ఫోటో సంగతి అక్కడే వదిలేశాను.

మా వైపు అమ్మమ్మలా పారాణి కలిపేవాళ్ళు లేరు. చిన్న పిన్ని పెళ్ళికి, బొబ్బిలి దగ్గర ఊళ్ళో, పెరట్లో రోలు పక్కన కూర్చుంది. ఇత్తడి గిన్నెలో పసుపూ నీళ్ళూ. తమలపాకు తొడిమతో సున్నం అద్ది కొంచెం కొంచెంగా తాకించేది. తాకినచోట ఎర్ర చుక్క లేచేది, వేలు తిప్పగానే సాగి కలిసిపోయేది. "సున్నం ఎక్కువైతే నల్లగవుద్ది, కాళ్ళు మండుతాయి. తక్కువైతే తెల్లారేసరికి ఉండదు" అనేది, ఎవరితోనో కాదు, గిన్నెతోనే. తన మణికట్టు లోపలివైపు గీత గీసుకుని, ఆరేదాకా ఆగి, వెలుతురులోకి చాపి చూసుకునేది. నచ్చకపోతే ఇంకాస్త పసుపు, పక్కనే ఇంకో గీత. చేతి మీద వరసగా ఎరుపులు, ఒక్కోటి ఒక్కోలా. ఎదురుగా గొంతుకూర్చుని చూస్తున్న నన్ను "ముట్టుకోకే గుంటా, గౌను పాడవుద్ది" అని కసిరేది.

అప్పటికి తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. కలిపేవరకే అమ్మమ్మకి. గిన్నె తీసుకుని పెళ్ళిపందిట్లోకి వెళ్ళింది పెద్దత్త, పిన్ని కాళ్ళకి పెట్టిందీ పెద్దత్తే. "ఎంత ఎర్రగా వచ్చిందో" అని అందరూ పెద్దత్తని మెచ్చుకున్నారు. నేను అమ్మమ్మని పిలుచుకొద్దామని పెరట్లోకి పరిగెత్తాను. బావి దగ్గర చెయ్యి కడుక్కుంటోంది. సబ్బు తగిలేసరికి ఆ గీతలు ఇంకా ఎర్రబడ్డాయి. బూడిద పెట్టి తోముకుంది, అయినా పోలేదు. పైట కొంగు మణికట్టు మీదకి లాక్కుని, "నువ్వెళ్ళు, నేనొస్తాను" అంది. రాలేదు. ఆ రోజు ఎవరూ ఏమీ తప్పు చేశామనుకోలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయితే సాయంత్రం నుంచీ నా కోపం ఆ ఫోన్ చేసినావిడ మీద కాదేమో. ఆవిడ మీద కూడా ఉంది, అది నిజం. కానీ పెళ్ళి పళ్ళెంలో అసలైన పసుపు ఉండాలనుకోవడంలో వింతేముంది? నా కూతురి పెళ్ళికి నేనైనా అదే అడుగుతాను. గంట క్రితం దాకా ఈ సంగతి నాకు తోచనే లేదు, మాట్లాడితే అడ్వాన్స్ తిరిగిచ్చేద్దామనే.

వచ్చిన చిక్కల్లా పసుపు వెలుతురుకి నిలవదు. అందులో రంగునిచ్చే కర్కుమిన్ ఎండకి విరిగిపోతుంది. అమ్మ పసుపు మరక పడిన తెల్ల జాకెట్టు ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక ఉండేది కాదు. రెజిన్‌లో ఉన్నంత మాత్రాన దానికి రక్షణ లేదు. షోకేస్‌లో పెట్టుకుని మురిసిపోయే పళ్ళెం, కొన్నాళ్ళకి పాలిపోతే అప్పుడు మాట పడేది నేనే.

అందుకని ఇలా అనుకుంటున్నాను. పైన కనిపించేదంతా ఆక్సైడ్ కలిపిన గడప పసుపే. అడుగున, బల్లకి ఆనే వైపు, వెలుతురు తగలని పొరలో చిటికెడు అసలు పసుపు. అది ఎర్రబడుతుందని ముందే చెప్పేస్తాను. బంగారు రంగు అనుకున్న అంచు ఇప్పుడు వద్దు. అక్కడ పారాణి ఎరుపు గీత. ఒకే లావున యంత్రం గీసినట్టు కాకుండా, వేలితో లాగినట్టు. ఆ ఎరుపుకి రెడ్ ఆక్సైడే సరిపోతుందని చూస్తున్నాను కానీ అది ఒక్కటే వేస్తే అమ్మమ్మ వాళ్ళింటి గచ్చు అవుతుంది, పారాణి కాదు. నారింజ పాలు పెంచాలి, ఒక చుక్క గులాబీ పడాలేమో. పసుపు కంటే ఇదే కష్టంలా ఉంది. కప్పులో గట్టిపడుతున్న ఎరుపు తెల్లారేసరికి ఎలా ఉంటుందో చూసి, వరండా వెలుతురులో దానికి జత వెతకాలి.

బంగారు అంచు మారుస్తున్నానంటే ఆవిడ ఏమంటారో తెలియదు. వద్దంటే బంగారమే వేసిస్తాను, పళ్ళెం ఆవిడది. రేటు మాత్రం అదే. ఫోన్ చేస్తే మాటల్లో మెత్తబడిపోతాను, అందుకే మెసేజ్ పెడతాను. రెడ్ ఆక్సైడ్ నిండుకుంది. రేపు చిన్నదాన్ని బడి దగ్గర దింపి అటునుంచి అటే గంటస్తంభం వెళ్ళాలి. కొట్టు తొమ్మిదిన్నరకి గానీ తెరవరు.