కాటా దగ్గర పోయిన పరువు

పది రోజుల కిందట, ముందు వెనక తోతాపురి కాయల ట్రాక్టర్లు నిలబడి ఉండగా, రోడ్డు పక్కన ఒక కాటా దగ్గర నా పరువు పోయింది. నిన్న మళ్లీ అక్కడికే వెళ్లి సగం తిరిగి తెచ్చుకున్నాను.

ఇరవై ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఊళ్లు తిరగాలని మా ఇద్దరికీ కోరిక. చిత్తూరులో ఒక షెడ్డులో, కారు వెనక తగిలించి లాక్కెళ్లే పన్నెండు అడుగుల క్యారవాన్ చేయించుకున్నాం. ఒకటే ఇరుసు, రెండు చక్రాలు, లోపల మంచం, వంట గట్టు, నీళ్ల ట్యాంకు. "బరువెంత బాబూ?" అంటే షెడ్డాయన తల కూడా ఎత్తకుండా "ఆరు వందల యాభై సార్, మించదు" అన్నాడు. నమ్మాను. రిజిస్ట్రేషన్‌కు చాలా ఓపిక కావాలి. చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దాని ఆర్‌సీ దానికి వేరే ఉంటుంది.

మా కారు ఎంత లాగొచ్చో కనుక్కోవడానికి మూడు చోట్లకు ఫోన్ చేశాను. ఒకాయన "డీజిల్ బండి సార్, రెండు టన్నులైనా లాగేస్తుంది" అన్నాడు. ఇంకొకాయన అసలు లాగకూడదన్నాడు. మూడో ఆయన వేరే కారు అమ్మబోయాడు. చివరికి బండితో ఇచ్చిన పుస్తకమే, వెనక పేజీల్లో, చీమతలకాయంత అక్షరాల్లో జవాబు చెప్పింది: బ్రేకులున్న ట్రైలర్ అయితే 1,400 కేజీలు, బ్రేకులు లేనిదైతే 750, క్యారవాన్ ముక్కు, అంటే కారు హుక్కుకు తగిలించే ముందు కొస, ఆ హుక్కు మీద నిలువుగా మోపే బరువు 75. మీ పుస్తకంలో ఈ అంకెలు లేకపోతే హుక్కు బిగించకండి. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే.

ఇంజన్ ఎంత లాగుతుందన్నది ఒక్కటే కాదు లెక్క. ఎత్తులో ఆగిన బండి మళ్లీ కదలాలి, దిగేటప్పుడు ఆగాలి. ఐరోపాలో వందకు పన్నెండు చొప్పున ఎక్కే వాలు మీద, నిండు బరువుతో, ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి కదిలితేనే ఆ అంకె ఇస్తారు. మేం పోవాల్సింది భాకరాపేట ఘాట్ మీదుగా హార్స్లీ హిల్స్‌కు.

షెడ్డాయన చెప్పిన 650 పక్కన పుస్తకంలోని 750 పెట్టుకుని, బ్రేకులు కూడా అక్కర్లేదని సంబరపడ్డాను. అయినా ఒకసారి తూకం వేయిద్దామని సామానంతా సర్దుకుని, ట్యాంకు నింపుకుని కాటాకు వెళ్లాను. కారును కాటా దాటించి, క్యారవాన్ చక్రాలు మాత్రం పలక మీద ఉండేలా చక్కగా ఆపాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. 990 వచ్చింది. గుండె గుభేల్‌మంది. "మీ కాటా తప్పు చూపిస్తోంది" అన్నాను, కాస్త గట్టిగానే.

కాటా దగ్గర కూర్చున్న కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "కాటా తప్పు కాదు సార్. మీరు తగిలించే పెట్టినారు. ముక్కు బరువు మీ కారు మోస్తా ఉంటే కాటాకి ఎట్లా తెలుస్తుంది? అసలు బరువు ఇంకా ఎక్కువుంటుంది" అన్నాడు.

వెనక ట్రాక్టర్ మీదున్న పెద్దాయన "సారు ఏం పని చేస్తారబ్బా?" అని అడిగాడు. మా ఆవిడ కిటికీలోంచి "ఫిజిక్స్ లెక్చరర్" అని చెప్పింది. చెప్పకపోయినా ఎవరూ ఏమనుకునేవారు కాదు.

హుక్కు విప్పి, ముందు చిన్న చక్రంతో సహా మొత్తం పలక మీదికి తోశాం. తోసింది ఆ కాయల రైతులే. 1,090. అంటే కారు హుక్కు మీద పడుతున్నది దాదాపు వంద, పుస్తకం ఒప్పుకునేది 75. ఆ వంద కేజీలు కారులో మనుషులు, సామాను బరువుతో కలుస్తాయి, కారు మొత్తం బరువు హద్దుకూ లెక్కకొస్తాయి. ఇరుసుకు అటూ ఇటూ ఉన్న బరువులు ఎలా తూగుతాయో చెప్పే భ్రామకాల సూత్రం బోర్డు మీద ఎన్ని వందలసార్లు రాశానో! షెడ్డాయన చెప్పిన 650 మంచం, బ్యాటరీ, ఫ్యాను పెట్టక ముందు మాట అని తర్వాత తేలింది. బిల్లు మాత్రం అన్నిటికీ వేశాడు.

లారీల కాటా పది కేజీల లెక్కన చూపిస్తుంది కాబట్టి ఇంటి దగ్గర మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద చెక్క దుంగ నిలబెట్టి, దాని మీద ముక్కు ఆనించాను. 104. ఆ రోజు కోపమంతా మా ఆవిడ గ్రైండర్ మీద చూపించాను. పద్నాలుగు కేజీలది, వెనక గట్టు కింద పెట్టింది. "హార్స్లీ హిల్స్‌లో నీకు దోసె పిండి ఎందుకు?" అని దాన్ని దించేసి మళ్లీ చూశాను. 111!

"తగ్గిందా?" అంది.

ఇరుసుకు వెనక ఉన్న బరువు ముక్కును పైకి లేపుతుంది. గ్రైండర్ అంతసేపూ నాకు సాయమే చేస్తోంది. ఏమీ మాట్లాడకుండా ఎత్తి మళ్లీ అక్కడే పెట్టాను. అసలు దొంగ ముందు వైపున్న తొంభై లీటర్ల నీళ్ల ట్యాంకు. ఖాళీ చేయగానే 50కి దిగింది. అలాగని ముక్కు మరీ తేలికైతే ఇంకా ప్రమాదం, వేగంలో క్యారవాన్ తోక ఊపుతుంది. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ముక్కు మీద ఉండాలని బ్రిటన్ వాళ్లు అంటారు, ఆస్ట్రేలియా వాళ్లు పది దాకా పోతారు. నాకు పైన 75 హద్దు ఉంది కనుక బ్రిటన్ లెక్కే పట్టుకున్నాను.

నీళ్లు తీసేసినా వెయ్యి కేజీలు, 750 దాటినట్టే. కాబట్టి బ్రేకులు తప్పలేదు. కారు ఆగినప్పుడు క్యారవాన్ ముందుకు తోసే తోపుతోనే దాని బ్రేకులు పడేలా ఓవర్‌రన్ బ్రేకులు వేయించాను. ఈసారి వేరే షెడ్డులో. డబ్బు బాగానే అయింది. మొదటి షెడ్డులో "ఇంత చిన్నదానికి బ్రేకులెందుకు సార్" అన్నప్పుడు తలూపినందుకు కట్టిన జరిమానా అది.

నిన్న మళ్లీ అదే కాటా. ఈసారి అడగక ముందే హుక్కు విప్పాను. 1,030 వచ్చింది, ఇంటి దగ్గర చూసిన ముక్కు బరువు 64. కొత్త బ్రేకుల సామాను ముందు వైపే పడింది కదా, అందుకు కొంచెం పెరిగింది. మా ఇద్దరితో, సంచులతో కారు కూడా తూచుకుని, దానికి ఈ 64 కలిపి చూశాను. హద్దుకు ఇంకా రెండు వందలు చోటుంది. కుర్రాడు చీటీ ఇస్తూ "టైర్లలో గాలి చూపించుకున్నారా సార్?" అన్నాడు. చూపించుకోలేదు. అక్కడి నుంచి నేరుగా గాలి పట్టే షాపుకే పోయాం.

శుక్రవారం బయల్దేరుతున్నాం. ట్యాంకు ఖాళీ, నీళ్లు కొండ మీదికి వెళ్లాకే. గ్రైండర్ వెనకే ఉంది, మినప్పప్పు కూడా కట్టింది.