సిపాయి నుదుటి మీద నామం

"ఫ్లెష్ అంటే ఎవరి ఫ్లెష్ నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి, రంగు సీసా ఎత్తి చూపిస్తూ. సీసా మీద 'ఫ్లెష్', అంటే ఒంటి రంగు, అని ఉంది. లోపల లేత గులాబీ రంగు. పదకొండేళ్ళుగా నెపోలియన్ కాలపు సైనికుల బొమ్మలకి రంగులేస్తున్నాను. ఫ్రెంచి గుర్రపుదళం, ప్రష్యన్లు, స్కాట్లండ్ హైలాండర్లు, అద్దాల బీరువాలో నాలుగు అరలు నిండాయి. వాటిలో ఒక్క ముఖమూ మా ఇంట్లోవాళ్ళ రంగులో లేదని పదేళ్ళ పిల్ల అడిగేదాకా నాకు తట్టలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రోజూ దాని వెంటపడేది నేనే.

ఆ రాత్రే మద్రాసు సిపాయిల పెట్టె ఒకటి తెప్పించడానికి ఆర్డరు పెట్టాను. 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలు, పన్నెండు. వంటిమీద ఇంగ్లీషు సైన్యం తొడిగించిన ఎర్ర కోటు, మోకాళ్ళ పైకి చల్లడం, కింద ఒట్టి కాళ్ళు. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయిలో మరాఠాల మీదికి వెల్లెస్లీ నడిపించిన పదాతిదళంలో హైలాండర్ల పటాలాలు రెండైతే, మిగతావి మద్రాసు సిపాయిలవే. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం కోసం నేను ఎంతో ఇష్టంగా రంగేసిన వెల్లింగ్టన్ ప్రభువే ఈ వెల్లెస్లీ. అతని బొమ్మ కొన్నాను కానీ, అతని వెనక నడిచినవాళ్ళని పట్టించుకోలేదు.

"వీళ్ళు మనవాళ్ళు" అన్నాను గర్వంగా. తెలుగు తీరం నుంచి, మద్రాసు వైపు నుంచి వెళ్ళిన తొలి సిపాయిల వల్ల ఉత్తరాదిన ఈస్టిండియా కంపెనీ సిపాయికి 'తిలంగా' అనే పేరు పడిందనీ, 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలు తెలుగువాళ్ళు కాకపోయినా జనం వాళ్ళనీ తిలంగాలనే అన్నారనీ చెప్పాను.

అంతా విని, "మనవాళ్ళయితే ఎర్ర కోటు ఎందుకేసుకున్నారు? అటుపక్క ఉన్నవాళ్ళూ మనవాళ్ళే కదా?" అంది. జీతం కోసం అన్నాను. "అయితే నేను వీళ్ళకి రంగెయ్యను" అని కుంచె కింద పెట్టేసింది.

నేనూ పట్టు విడవలేదు. చరిత్రలో నచ్చిందొక్కటే ఏరుకోకూడదని మూడు రోజులు దానికి చెబుతూనే ఉన్నాను. పదకొండేళ్ళు నేను చేసింది అదే. వాటర్లూ పరాయివాళ్ళ యుద్ధం కాబట్టి, ఎవరు ఎవరి కోసం చచ్చిపోయారని నన్ను నేను ఒక్కసారీ అడుక్కోలేదు. కోటు గుండీల రంగు సరిగ్గా ఉంటే నిద్ర పట్టేసేది.

పిల్లలతో కలిసి బొమ్మలకి రంగులేసే తల్లిదండ్రులకి ఒక్కటి మాత్రం ధైర్యంగా చెప్పగలను. చామనఛాయ ముఖానికి వెలుగు తేవాలని తెలుపు కలపకండి, బూడిద పూసినట్టు పాలిపోతుంది. ముందు ఎర్రమట్టి ఛాయ ఉన్న గోధుమరంగు వెయ్యండి. ఆరాక ముదురురంగుని నీళ్ళలా పల్చన చేసి పారిస్తే కళ్ళ కింద, ముక్కు పక్కల గుంటల్లో నిలుస్తుంది. ఆ తర్వాత మొదటి రంగులోనే కాస్త పసుపుమట్టి రంగు కలిపి బుగ్గ ఎముక మీద, ముక్కు కొన మీద అద్దాలి. ఎనిమిది ముఖాలు పాడుచేశాక గానీ నాకిది పట్టుబడలేదు. చివరికి రంగు కుదిరింది మా అమ్మాయి ముంజేతిని దీపం కింద పెట్టుకుని చూస్తూ కలిపితేనే. రంగెయ్యనని భీష్మించుకున్న పిల్ల, చెయ్యి మాత్రం కదలకుండా చాపి అరగంట కూర్చుంది.

లేచే ముందు ఒక బొమ్మ తీసుకుని ముఖానికి ఆ రంగే వేసి, సన్న కుంచెతో నుదుటి మీద నామం దిద్దింది. "యూనిఫాంలో అలా ఉండదమ్మా" అన్నాను వెంటనే. రాత్రి పుస్తకాలు తిరగేస్తే తప్పు నాదే. మద్రాసు సైన్యంలో బొట్లు, నామాలు వద్దనీ, గడ్డాలు తియ్యాలనీ ఆజ్ఞ వచ్చింది 1805-06లో. దానికి తోడు తోలు బిళ్ళతో టోపీలాంటి కొత్త తలపాగా. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డది వాటి మీదే. వద్దని ఆజ్ఞ వెయ్యాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా పెట్టుకునే ఉన్నారన్నమాట. అస్సాయి సిపాయికి నామం ఉంటుంది.

పొద్దున్నే వెళ్ళి, నువ్వు చేసిందే కరెక్టని చెప్పాను. దాని ముఖం విప్పారింది. "అయితే వేలూరులో మనవాళ్ళు గెలిచారా?"

ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే బ్రిటిష్ అధికారి గుర్రపుదళంతో వచ్చి అణచేశాడు. అతనికి తోడుగా వచ్చినవాళ్ళలో మద్రాసు అశ్వికదళమూ ఉంది. అంటే కోట లోపల తిరగబడ్డవాళ్ళూ, అణచడానికి బయటి నుంచి వచ్చినవాళ్ళలో కొందరూ ఒకే సైన్యం సిపాయిలు. ఈ మాట ఇప్పుడే చెప్పాలా అని ఒక్క క్షణం ఆగాను. చెప్పేశాను. అది ఏమీ అనలేదు.

మీరెక్కడివాళ్ళని బళ్ళో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పుకోవడానికి దానికో మాట ఇద్దామనుకున్నాను. చేతిలో పెట్టింది చిక్కుముడి. ఇంకో నాలుగేళ్ళు ఆగాల్సిందేమో. ఆగితే అప్పటికి నన్ను అడిగేదో లేదో.

నామం పెట్టిన సిపాయిని హైలాండర్ల పక్కన పెట్టనివ్వలేదు. ఖాళీగా ఉన్న ఐదో అరలో ఒక్కణ్ణే నిలబెట్టింది. ముఖం పూర్తయింది, కాళ్ళు పూర్తయ్యాయి. కోటు మాత్రం బూడిదరంగు తొలిపూతతోనే ఉంది. ఎర్ర రంగు సీసా మూత తీసి పక్కన పెడితే, "ఆలోచిస్తున్నా నాన్నా" అని మళ్ళీ మూత పెట్టేసింది.