తడబడని ప్రార్థన

మా ఆయన గురక సంగతి మీకు కొత్త కాదు. ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు. పెద్దత్తయ్య జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ మనవడు, మా చంటి చేసిన ప్రార్థన.

ఫోను చూసి చదివాడు. ఎక్కడా తడబాటు లేదు. చాట్‌జీపీటీ చేత రాయించానని భోజనాల దగ్గర పెరుగు వడ్డిస్తూ వాడే చెప్పాడు. అందరూ మురిసిపోయారు. నాకు ముద్ద దిగలేదు. అందులో పెద్దత్తయ్య "కుటుంబానికి దీపస్తంభం" అట! ఎవరింటికి వెళ్ళినా గ్యాసు కట్టారో లేదో చూసి గాని కూర్చునేది కాదు ఆవిడ. కోడళ్ళకు పెట్టిన చీరల లెక్క చివరిదాకా ఒప్పజెప్పింది. ఆ మనిషి ఆ ప్రార్థనలో లేనే లేదు. పేరు మార్చి ఎవరి కూడికలోనైనా చదువుకోవచ్చు.

ప్రార్థన అంటే మా అమ్మమ్మది. అక్షరం ముక్క రాదు. తెల్లవారుజామున మంచం పట్టె పట్టుకుని మోకరించేది. గల్ఫ్‌లో ఉన్న మావయ్య కోసం మొదలుపెట్టి, మధ్యలో చూడి గేదె గుర్తొచ్చి దానికి సుఖప్రసవం అడిగి, మళ్ళీ మావయ్య దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. "నీకు తెలుసు గదా తండ్రీ, నీకు తెలుసు గదా" అంటూ అక్కడే ఆగిపోయేది. ఎప్పుడు ఆమేన్ అంటుందా, ఎప్పుడు కాఫీ ఇస్తుందా అని మేము దుప్పట్లో కిచకిచలాడేవాళ్ళం. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8:26లో ఉంది. ఆ మూలుగు ఫోనుకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆదికాండంలో దేవుడు నేలమంటితో చేసిన నరునిలోకి జీవవాయువు ఊదాడనే ఉంది, పాండిత్యం మాట లేదు.

2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్‌లో ఒక ఆరాధన దాదాపు మొత్తం చాట్‌జీపీటీ రాసిందే. తెర మీది బొమ్మ మనుషులు ప్రసంగిస్తే, 300 మందికి పైగా కూర్చుని విన్నారు. మేము ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్కులం) కాకపోయినా, 2025 జనవరిలో కృత్రిమ మేధ గురించి వాటికన్ విడుదల చేసిన "ఆంతీక్వా ఎత్ నోవా" పత్రంలో ఒక మాట నాకు నచ్చింది. 115వ కీర్తనలోని విగ్రహాలకు నోరుండీ పలకవు, కృత్రిమ మేధ పలుకుతుంది కనుక ఇంకా ఎక్కువ లోబరుచుకోగలదు అంటారు. చివరికి మనిషి పూజించేది తననే, తన చేతిపనికే బానిస అవుతాడు అని కూడా.

ఇంతవరకు రాశాక ఆదివారం గుర్తొచ్చింది. మేము సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళం, ఆరాధన క్రమం పుస్తకం చూసి ఎవరో రాసిన ఒప్పుకోలు ప్రార్థనే కదా ప్రతివారం చదివేది! అయితే ఆ మాటలు ముందు ఎవరో మోకాళ్ళ మీద పలికి ఉంటారు, అది వేరు అనుకున్నాను. వేరా? నేను అవి చదువుతూ సగంసార్లు ఇంట్లో నానబెట్టిన పప్పు గురించి ఆలోచిస్తాను. చంటి బెంగళూరులో పెరిగినవాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. తప్పు పోకూడదని రాత్రి రెండింటిదాకా వల్లెవేశాడని వాళ్ళమ్మ చెప్పింది. నానమ్మ కోసం అంత కూర్చున్నవాడిని ఏమనగలను? ఆ కూర్చోవడమే ప్రార్థన అయి ఉండవచ్చు.

చంటి మీద కోపం పోయింది గాని, పాస్టరుగారి మీదికి మళ్ళింది. ప్రతి క్రిస్మస్‌కూ పెద్దత్తయ్య పంపిన అరిసెలు తిన్న మనిషి. తీరా లేచి, "బాబు అంతా చెప్పేశాడు" అని ఆశీర్వాదం పలికి ముగించారు. రేపు ఫోను చేసి అడుగుతాను. మా ఆయనకు తెలిస్తే వద్దంటారు, అందుకే ఆయన లేవకముందే.