మొదటి గిటార్లు, వాటిని ఇప్పించిన షాపులు

వాయించడం రాకముందే గిటార్ షాపులకి వెళ్ళడం అలవాటైంది నాకు. తలుపు తీయగానే చెక్క వాసన, పాలిష్ వాసన, గోడ నిండా వరసగా వేలాడే గిటార్లు, ఓ మూల స్టూల్ మీద ఎవరో కూర్చుని ఒకే లిక్ (చిన్న స్వరాల ముక్క) మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఉంటారు, కౌంటర్ అద్దం కింద పిక్కులు, క్యాపోలు, స్ట్రింగ్స్ ప్యాకెట్లు. ఏమీ కొనకుండా అంతసేపు నిలబడినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, పైగా "తీసి పట్టుకో, పర్లేదు" అనేవాళ్ళు. ఆ ఒక్క మాటకి ఎంత పొంగిపోయేవాణ్ణో.

మొదటి గిటార్ కొనే రోజున నా చూపంతా ఒక సన్‌బర్స్ట్ రంగు అకూస్టిక్ మీదే ఉంది. షాపులో అన్న అది గమనించి, "రంగు తర్వాత చూద్దువుగాని, అటు తిరిగి నిలబడి విను" అని మూడు గిటార్లు తీసి ఒకటే జీ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఒకదాని తర్వాత ఒకటి వాయించాడు. రెండు దగ్గరదగ్గరగా వినిపించాయి, మూడోది మాత్రం కొట్టి వదిలేశాక కూడా ఇంకా మోగుతూనే ఉంది. దాని పై పలక ఒకే స్ప్రూస్ చెక్క అట, మిగతా రెండింటివీ పొరలు పొరలుగా అతికించినవి. ఇంకో విషయం కూడా అప్పుడే చెప్పాడు, గిటార్ మోత ముందుకి వెళ్తుంది కాబట్టి వాయించేవాడికి వినిపించేది వేరు, ఎదురుగా ఉన్నవాడికి వినిపించేది వేరు, అందుకే కొనేటప్పుడు ఇంకొకరి చేత వాయించుకుని వినాలి అని. ఇప్పటికీ నేను అలాగే వింటాను.

కానీ నాకు అన్నిటికన్నా గుర్తున్నది ఆ తర్వాత జరిగిన పని. పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర చిన్న స్టీల్ స్కేల్ పెట్టి ఆరో తీగ ఎంత ఎత్తులో ఉందో చూశాడు. "ఇంత యాక్షన్, అంటే తీగల ఎత్తు, ఉంటే నీ వేళ్ళు వాస్తాయి, గిటార్ అటకెక్కుతుంది" అని తీగలు వదులు చేసి, బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చెక్క) లోంచి సాడిల్ అనే సన్న పట్టీని, తీగలు ఆనుకునేదాన్ని, బయటికి లాగి, దాని అడుగు వైపు గరుకు కాగితం మీద రుద్దడం మొదలుపెట్టాడు. పైవైపు ఎందుకు రుద్దట్లేదు అంటే పైన ఉన్న వంపు పోకూడదు కదా అన్నాడు. సాడిల్ ఒక మిల్లీమీటర్ తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరే తగ్గుతుంది, ఎందుకంటే అది తీగకి సరిగ్గా సగం. అందుకని కొంచెం రుద్దడం, పెట్టి చూడటం, మళ్ళీ తీసి రుద్దడం. రెండున్నర మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక ఆపాడు. తర్వాత నెక్ తల దగ్గర తీగలు ఆనే నట్ అనే పట్టీలో గాడులు చూసి వాటిని కూడా సన్న ఆకురాయితో కాస్త దించాడు, ఎఫ్ కార్డ్ పట్టలేకపోవడానికి చాలాసార్లు కారణం అక్కడే ఉంటుందట. నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని మాత్రం ముట్టుకోలేదు, అది నెక్ వంపు సరిచేయడానికి గానీ యాక్షన్ తగ్గించడానికి కాదన్నాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తప్పు తమ వేళ్ళలో ఉందో గిటార్లో ఉందో తెలిసే దారే లేదు. నొప్పి పుడితే మనకి చేతకాదు అనుకుంటాం, ఒకే వేలితో చాలా తీగలు నొక్కే బ్యారే కార్డ్ మోగకపోతే సంగీతం మన వల్ల కాదు అనుకుని వదిలేస్తాం. ఆ తేడా పట్టగలిగే మనిషి పక్కన ఉండటమే షాపు చేసే మేలు. డబ్బాలో ఇంటికొచ్చే గిటార్ కూడా మంచిదే అయి ఉండొచ్చు, దాన్ని మన చేతికి కుదిర్చేవాళ్ళు ఆ డబ్బాలో రారు కదా.

ఎలక్ట్రిక్ కొన్నది వేరే షాపులో, అది ఇంకో లోకం. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉన్న ఒక కాపీ గిటార్, చిన్న ప్రాక్టీస్ ఆంప్. అక్కడ ఉన్న పెద్దాయనకి ఆ గిటార్ చరిత్ర అంటే ప్రాణం. 1954లో అసలు స్ట్రాట్ వచ్చినప్పుడు ఏ పికప్ (తీగ కదలికని కరెంట్ గా మార్చే భాగం) మోగాలో ఎంచే స్విచ్ కి మూడు స్థానాలే ఉండేవని, జనం ఆ స్విచ్ ని మధ్యలో ఇరికించి రెండు పికప్పులు కలిపి వాయించేవాళ్ళని, ఐదు స్థానాల స్విచ్ కంపెనీ నుంచే రావడానికి 1977 దాకా పట్టిందని చెబుతూ ఒక్కో స్థానం మార్చి వినిపించాడు. ఆంప్ లోంచి జుయ్ మని ఒకటే హమ్ వస్తుంటే పాడైందేమో అని నాకు కంగారు, ఆయన నన్ను గిటార్ తో సహా మెల్లగా పక్కకి తిప్పాడు, ఒక దిక్కుకి రాగానే హమ్ బాగా తగ్గిపోయింది! ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల కరెంట్ అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకుంటుందట, హంబకర్ అనే ఇంకో రకం పికప్ లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేసేలా పెట్టి ఆ హమ్ ని కొట్టేస్తారట. తర్వాత గిబ్సన్ స్కేల్ ఉన్న, అంటే తీగ మోగే పొడవు కాస్త తక్కువున్న ఇంకో గిటార్ ఇచ్చి తీగ పక్కకి నెట్టి బెండ్ చేయమన్నాడు, ఎంత మెత్తగా వచ్చిందో. 648 మిల్లీమీటర్లకి బదులు 628 ఉంటే, అవే తీగలు అదే శృతిలో దాదాపు ఆరు శాతం తక్కువ బిగువులో ఉంటాయి. అంత చిన్న తేడా వేళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు తెలిసినవాళ్ళ పిల్లలెవరైనా మొదటి గిటార్ కొంటామంటే వాళ్ళతో పాటు వెళ్తాను, నాకదో పండగ. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, చాలాసార్లు అదే మంచి బేరం. తల వైపు నుంచి నెక్ మెలి తిరిగిందేమో చూస్తాను, ప్రతి తీగా ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి ఎక్కడైనా గరగరమంటోందా వింటాను, పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మోగించే స్వరం), నొక్కిన స్వరం రెండూ కలుస్తున్నాయా చూస్తాను. ఆఖర్న బ్రిడ్జ్ వెనక సందులో పల్చటి కాగితం పెట్టి నెడతాను, లోపలికి దూరిందంటే జిగురు వదిలేస్తోందని అర్థం, అది బాగుచేయించి ఇస్తామంటేనే తీసుకోమని చెబుతాను.